పెట్టె మీది పొట్లం

"అయితే ఆ నీలం వైరు మీద చెయ్యి వెయ్యకండక్కా!"

ఫోన్‌లో ఆ కేక వినగానే బీయిన్ నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. చియాయి పట్నంలోని ఓ కిడ్నీ ఆసుపత్రిలో రోగుల పేర్లు రాసుకునే బల్ల దగ్గర పంతొమ్మిదేళ్లుగా కూర్చుంటున్న మనిషి ఆమె. సర్వర్ గదిలో ఫైర్‌వాల్ పెట్టె ముందు ఒంటరిగా నిలబడటం ఇదే మొదటిసారి. గోడకి అవతల పదకొండు మంది డయాలిసిస్ మీద ఉన్నారు. అందులో ఒకరు ఆమె సొంత అన్నయ్య.

పొద్దుటి నుంచి కంప్యూటర్లది నత్తనడక. మధ్యాహ్నానికి పూర్తిగా మొండికేశాయి. వాటిని చూసుకునే గావ్ పెళ్లాం పిల్లలతో పెంగ్‌హూ దీవికి వెళ్లే పడవలో ఉన్నాడు, ఫోన్ అందడం లేదు. వెళ్లేముందు ఈ గది తాళం, అంటించిన కవరు ఒకటి బీయిన్ చేతిలో పెట్టాడు. "ఈ పెట్టె మన ఇంటి గుమ్మం లాంటిది. దొంగలు గుమ్మం దాటితే రోగుల కాగితాలన్నీ వాళ్లవే. బయటివాళ్ల చేతికెందుకు, బీయిన్ అక్క ఉందిగా" అని డాక్టరుతో వాదించి మరీ పెట్టాడు. ఆ మాట తలుచుకుని ఆమె రెండు రోజులుగా మురిసిపోతోంది.

ఏం చెయ్యాలో తోచక తల పట్టుకున్నప్పుడు యాన్ అని ఒకతను ఫోన్ చేశాడు. గావ్ ఆఫీసులో అతని దగ్గరే పని నేర్చుకున్నాడట, మీ కంప్యూటర్లు ఆగిపోయినట్టు మా ఆఫీసులో కనబడుతోందన్నాడు. బీయిన్ అంత తేలిగ్గా నమ్మే రకం కాదు.

"నువ్వెవరో నాకేం తెలుసు? మా గావ్ ఈ పెట్టె మీద ఏం పెట్టాడో చెప్పు చూద్దాం" అని నిలదీసింది.

అవతల అతను నవ్వాడు. "ఇంకేం పెడతాడక్కా? ఆకుపచ్చ పొట్లం, కొబ్బరి రుచి చిరుతిండి. యంత్రం బుద్ధిగా ఉండాలని. దాని గడువు దాటనివ్వడు, ఎవర్నీ తిననివ్వడు."

బీయిన్ గుండె కుదుటపడింది. "నలభై దాటినవాడివి, ఇనప పెట్టెకి చిరుతిండి పెడతావా?" అని ఆమె గావ్‌ని ఎన్నిసార్లు ఏడిపించిందో లెక్కలేదు. ఒకసారి ఆకలేసి పొట్లం చింపబోతే అతను చేతులు పట్టుకుని ఆపాడు. ఈ గదిలోకి వాళ్లిద్దరూ తప్ప మరొకరు రారు. గావ్ పిచ్చి తెలిసినవాడు పరాయివాడెలా అవుతాడు?

అందుకే తాళం తీసి లోపలికొచ్చింది. ఏ రంధ్రంలో ఏ వైరుందో, దాని మీది చీటీలో ఏముందో చదివి చెప్పింది. నీలం వైరు చీటీ మీద 'డయాలిసిస్' అని ఉందనగానే యాన్ అలా కేకేశాడు.

"ఈ వైర్లున్నవి సమాచారం వచ్చిపోయే దారులు, చేత్తో తాకగలిగే ఇంటర్‌ఫేస్‌లు" అన్నాడు యాన్. "జబ్బు వీటిలో లేదు."

"మరెక్కడుంది?"

"తెరమీద. ఇంటికి తలుపొకటే అయినా లోపల తడికలు కట్టి నాలుగు గదులు చేసుకోమూ? అలాగే వైరు లేకుండా తెరమీద మాత్రమే ఉండే ఇంటర్‌ఫేస్‌లుంటాయి. అందులో ఒకదాన్ని టన్నెల్ అంటాం. సొరంగమే అనుకోండి. మా ఆఫీసు నుంచి గావ్ అన్న మీ కంప్యూటర్లు బాగుచేసేది దాంట్లోంచే. అది పడిపోయింది. మళ్లీ కట్టాలి."

బీయిన్ కవరు చింపింది. "పాస్‌వర్డ్ చదవనా?"

"వద్దు! ఎవరికీ చెప్పకూడదక్కా, నాకైనా సరే. మీరే కొట్టండి."

ఆ మాటతో మిగిలిన కాస్త బెరుకూ పోయింది.

ఇంతలో నర్సు రోంగ్ తలుపు తోసుకుని వచ్చింది. "అక్కా, మీ అన్నయ్య బీపీ నా బల్ల మీది కంప్యూటర్లో కనబడట్లేదు! ఒక్కొక్కరి దగ్గరికీ పరిగెత్తి చూసుకుంటున్నా. ఇంకెంతసేపు?"

"అయిపోయింది, వెళ్లు" అంది బీయిన్. ఏమీ అవలేదు. ఒక్క అంకె తప్పు కొడితే అన్నయ్యకేమవుతుందోనని ప్రతి మీటా రెండుసార్లు చూసి నొక్కింది.

యాన్ మాత్రం విసుక్కోలేదు. కొత్తది చేర్చు అనే చోట నొక్కమన్నాడు. టన్నెల్ ఎంచుకోమన్నాడు. అంకెలు ఒక్కొక్కటే చెప్పి, తిరిగి చదివించుకున్నాడు. "దీన్ని తెరమీదే మొదటి రంధ్రానికి తగిలించండి. ఇది నమ్మకమైనదేనా అని అడుగుతుంది."

"అడుగుతోంది."

"అవునని నొక్కండి."

నొక్కింది. అర నిమిషం గడిచింది. గోడ అవతల నుంచి రోంగ్ కేక వినబడింది. "వచ్చేశాయక్కా! మీ అన్నయ్యది నూట ముప్ఫై, బాగుంది!"

బీయిన్‌కి ఏడుపొచ్చినంత పనైంది. "నీ కడుపు చల్లగుండ, నాయనా!"

"ఇక మీరు వెళ్లి భోంచెయ్యండక్కా. మిగతాది నేను చూసుకుంటాను."

బల్ల దగ్గరికి వచ్చి, పొద్దున తెచ్చుకున్న టర్కీ కోడి అన్నం డబ్బా అప్పుడు తెరిచింది. చల్లారిపోయినా అమృతంలా ఉంది. కంప్యూటర్లు లేడిపిల్లల్లా పరిగెడుతున్నాయి. డాక్టరు స్వయంగా వచ్చి, "గావ్ చెప్పింది నిజమే" అని మెచ్చుకుని వెళ్లాడు.

నాలుగింటికి గావ్ ఫోన్ చేశాడు. పడవ దిగాడట. "అక్కా, ఇన్నిసార్లు చేశావేంటి? ఏమైంది?"

"ఏమీ కాలేదు, అంతా నేనే బాగుచేశాను. మీ యాన్ చెప్తుంటే సొరంగం కూడా కట్టాను. ఊరికే నమ్మాననుకునేవు! నీ పొట్లం సంగతి అడిగాను. రంగూ రుచీ చెప్పాకే గది తాళం తీశాను."

"యానా? మా ఆఫీసులో ఆ పేరుగలవాడెవడూ లేడు!" అని సముద్రపు గాలి హోరులోంచి గావ్ అరిచాడు.

"అక్కా... ఆ పొట్లం లేని సర్వర్ గది ఈ దేశంలోనే లేదు."