చప్పుడు చెయ్యని సొరుగు

“తాగుడు మానేశానంటే నమ్మవేంటే? చుక్క ముట్టి ఏడాదైంది! నన్ను ఇంటికి మోసుకొచ్చేవాళ్లని అడుగు, పాపం ఇప్పుడు వాళ్లకి పనే లేదు!” అంటూ వడ్రంగి రంపం పక్కన పడేశాడు.

“నమ్మాను. మరి ఇదేంటి?” భార్య గంజాయి పొట్లాన్ని అతని ముక్కు కింద ఆడించింది.

పనిబల్లకి అతను చేసుకున్న దొంగ సొరుగులో దొరికిందది. ఒకప్పుడు అందులో సీసా ఉండేది. లాగినా తోసినా చప్పుడు కాని సొరుగు. ఆ పనితనం చూసుకుని అతనికి కాస్త పొగరు కూడా.

“అది ఆకేనే! ఒకరకంగా మందు.”

“మందు మానేశానన్నావుగా?”

వడ్రంగి నాలుక కరుచుకున్నాడు. “ఆ మందు కాదే తల్లీ, ఒంటికి మందు! నిద్ర పడుతుంది. తాగాలన్న యావ పోతుంది. తాగొచ్చి నిన్ను తిట్టడం కన్నా నవ్వుకుంటూ పడుకోవడం నయం కాదూ?”

“నయమే,” అందామె. వడ్రంగి బిత్తరపోయాడు. “అంత మంచిదైతే దాచడం దేనికి? తీసుకెళ్లి భోజనాల బల్ల మీద పెట్టు. అమ్మాయి అడిగితే నాన్న మందని చెబుదాం.”

“పెడతా! నాకేం భయమా?” పొట్లం లాక్కున్నాడు.

గేటు కిర్రుమంది. “నాన్నా!” అంటూ కూతురు లోపలికి వచ్చింది.

వడ్రంగి అటు తిరిగి నవ్వాడు. నవ్వాక చూసుకుంటే చేతిలో పొట్లం లేదు. సొరుగు మూసి ఉంది. చప్పుడే కాలేదు.

“నోరు మానేసిందయ్యా,” అంది భార్య మెల్లగా. “చెయ్యి ఇంకా తాగుతూనే ఉంది.”