ఊరికే చెప్పిన పథ్యం

వేరుశనగ చేను గట్టున కన్నంలో కాపురముండే ఎలుకకు నాలుగడుగులు వేస్తే చాలు, కళ్ళు తిరుగుతున్నాయి. ఏం తినాలో కనుక్కుందామని వాగులో తాబేలు దగ్గరికి వెళ్ళింది. ఎవరికి ఏ తిండి పడుతుందో చెప్పడంలో తాబేలు ఆరితేరింది.

"చెప్తానమ్మా. ఫీజు నాలుగు వేరుశనగకాయలు" అంది తాబేలు.

"నోటిమాటకు నాలుగు కాయలా!" అని ఎలుక విసురుగా వెనక్కి తిరిగింది.

దారిలో ముళ్ళకంచె అవతలి నుంచి బావురుపిల్లి పిలిచింది. "నేను ఊరికే చెప్తాను చెల్లీ. భయమైతే అక్కడే ఉండి మాట్లాడు. ఏం తింటావు? ఎన్నింటికి తింటావు? ఇంటికి ఎన్ని దారులు? ఇవన్నీ తెలియకుండా పథ్యం ఎలా చెప్పేది?"

మధ్యలో కంచె ఉంది, పోయేది మాటలే కదా అనుకుంది ఎలుక. వెనక కన్నంతో సహా అన్నీ చెప్పేసింది.

"నువ్వులు, వేరుశనగలు కడుపునిండా తిను. నెల తర్వాత ఎంత ఒళ్ళు చేశావో చూద్దాం" అంది పిల్లి.

నెల తిరిగేసరికి ఎలుక గుండ్రంగా తయారైంది. కళ్ళు తిరగడమూ పోయింది. ఒక సాయంత్రం, సరిగ్గా తాను తిండికి కూర్చునే వేళకు, గుమ్మం దగ్గర మీసాలు కదిలాయి.

"చూస్తానన్నాను కదా చెల్లీ!"

ఎలుక వెనక కన్నానికి పరిగెత్తింది. తల దూరింది. పొట్ట పట్టలేదు.

తొందరేమీ లేని అడుగులు గట్టు చుట్టి అటువైపే వచ్చాయి.

"నాకూ ఫీజుంది చెల్లీ. కాకపోతే, గుణం కనిపించాకే తీసుకుంటాను."