ముప్పై ఆరు ఫొటోలు

"పోవాలంటే నన్ను దాటుకొని పో" అంటూ హుస్సేనమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

కెమెరా సంచీ భుజాన తగిలించుకున్న ఇర్షాద్ తల పట్టుకున్నాడు. కింద వీధిలో స్నేహితుడు షాహుల్ పికప్ హారన్ కొడుతూనే ఉన్నాడు. ఫుజైరా ఆకాశం పొయ్యి దగ్గరి మసిగుడ్డలా ఉంది. ఒమన్ వైపు నుంచి గోను తుఫాను వస్తోందని రెండు రోజులుగా టీవీలో అదే గోల.

"లేమ్మా. అలలు మళ్లా ఇంత ఎత్తు ఎప్పుడు లేస్తాయో ఏమో. హోటల్ ముదీర్‌కి, అదే మేనేజరుకి, క్యాలెండర్ మీదికి నల్లరాళ్ల ఒడ్డు కావాలంట. తుఫానులో తీసిన ఫొటో తెస్తే ఏడాదంతా పని నాకే ఇస్తానన్నాడు. స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసుకుంటా ఎన్నాళ్లుండాల?"

"పాస్‌పోర్టు ఫొటోలు తీసేవాళ్లు ఎవరన్నా అలల్లో కొట్టుకపోయినారా? కుర్చీలో కూర్చోమంటే కూర్చుంటారు, నవ్వొద్దంటే నవ్వరు. ఎంత మంచి పని."

"ఆ రాళ్లు మామూలువి కాదమ్మా. ఎప్పుడో భూమి కడుపులోంచి నిప్పు పొంగి గడ్డకట్టినవంట."

"నిప్పులో పుట్టిన రాళ్లు, పైన పిచ్చిపట్టిన నీళ్లు, నడుమ నా కొడుకు. తౌబా, తౌబా."

హారన్ కొట్టి కొట్టి విసుగొచ్చిన షాహుల్ మెట్లెక్కి పైకి వచ్చాడు. గడపలో కూర్చున్న మనిషిని చూసి సంగతి అర్థమైంది.

"పెద్దమ్మా, ఇంత భయం ఏ అంగట్లో దొరుకుతాదో చెప్పండి. మేమూ రెండు కిలోలు తెచ్చుకుంటాం."

"నవ్వు నాయనా, నవ్వు. మీ అమ్మ ఈడ లేదు కాబట్టి నవ్వుతాండావు."

హుస్సేనమ్మ భయం ఆ బిల్డింగులో అందరికీ తెలిసిందే. లిఫ్టు తాడు తెగుతుందని మూడంతస్తులూ నడిచే ఎక్కుతుంది. గ్యాసు కట్టేశానో లేదో అని నిద్రలో లేచి వచ్చి చూస్తుంది. కొడుకు తుమ్మితే ఆస్పత్రి, దగ్గితే పెద్దాస్పత్రి.

అలాంటి మనిషి కాసేపటికి తనే లేచి పక్కకు జరిగింది. అంత తొందరగా లేస్తుందని ఇర్షాద్ కూడా అనుకోలేదు. ఆమె పచ్చగుడ్డలో దిర్హమ్ బిళ్ల మూటగట్టి, బిస్మిల్లా చెప్పి కొడుకు భుజానికి రక్షగా ఇమామ్ జామిన్ కట్టింది.

"తిరిగొచ్చినాక ఈ బిళ్ల నీ చేత్తోనే బీదోళ్లకియ్యాల. మర్చిపోవాకు."

"యల్లా, పోదాం పా షాహుల్" అంటూ ఇర్షాద్ మెట్లు దూకాడు. సంచీలో ఉన్నది స్టూడియో సేఠ్ కొత్త డిజిటల్ కొనుక్కుని వదిలేసిన పాత రీలు కెమెరా. రాత్రే కూర్చుని, తుడిచి, అమ్మ చూస్తుండగా కొత్త రీలు ఎక్కించుకున్నాడు.

పక్కింటి జైబున్నీసా తలుపు సందులోంచి తొంగి చూసింది. "పంపించేసినావా అక్కా?"

"పంపినా. అరగంటలో వచ్చేస్తాడులే."

"ఇదేంది, నీకింత ధైర్యం ఎప్పుడొచ్చె?"

హుస్సేనమ్మ లోపలికి తిరిగింది. వంటింట్లోకి పోయి బియ్యం డబ్బా మూత గట్టిగా ఉందో లేదో చూసుకుంది.

అరగంట అయింది. గంట అయింది. రెండు గంటలైంది. ఫోను చేస్తే కలవడం లేదు. కిటికీ అద్దాలు గాలికి గడగడమంటున్నాయి. టీవీలో అలలు రోడ్డు మీదికి ఎక్కుతున్నాయి. ఈపాటికి రావలసినవాడు ఎందుకు రాలేదు? రాలేదంటే రాలేని స్థితిలో ఉన్నాడనేగా? సొంతూరు కడపలోని పెద్ద దర్గాకు ఒక చాదర్ మొక్కుకుంది. మధ్యాహ్నానికి చాదర్లు మూడయ్యాయి. సాయంత్రం అసర్ నమాజుకు అజాన్ వినపడేసరికి ఆమె మనసులో కొడుకు నాలుగుసార్లు మునిగి, ఒక్కసారి తేలాడు.

అప్పుడు తలుపు చప్పుడైంది. నిలువునా తడిసిన ఇర్షాద్, వెనక షాహుల్.

హుస్సేనమ్మ కొడుకును తల నుంచి పాదాల దాకా తడిమింది. చేతులు పట్టుకుని పది వేళ్లూ లెక్కపెట్టింది. ఆ తర్వాతే ఏడ్చింది.

"ఎందుకమ్మా ఏడుస్తావు? నువ్వు చూసింటే అక్కడే పడిపోయుందువు. తాటిచెట్టంత అలలు. ఒకటి వచ్చి నన్ను మోకాళ్ల మీద ఈడ్చింది. వీడు బండి దిగితే ఒట్టు. నేను మాత్రం ఆ చివరి రాయి మీద బోర్లా పండుకుని తీసినా. ముప్పై ఆరు ఫొటోలు. ఒక్కటన్నా చెడలేదు."

షాహుల్ గోడ మీది గడియారాన్ని శ్రద్ధగా చూస్తున్నాడు.

"భయం కాలేదా నాయనా?"

"ముక్కు నీదే, కండ్లు నీవే. భయం ఒక్కటే నీ పోలిక రాలేదు."

ఆమె కళ్లు తుడుచుకుని టీ తెచ్చింది. అంత వానలో తడిసి వచ్చినవాడు రెండు గుక్కలు తాగి కప్పు పక్కన పెట్టేశాడు.

"ఏవీ, నాకూ చూపియ్యి."

"రీలు కడగాల కదమ్మా. వచ్చేదోవలోనే ల్యాబులో ఇచ్చొచ్చినా. రేపు తెస్తా. చూసేటప్పుడు కండ్లు మూసుకోవాకు."

"ల్యాబులో ఇచ్చొచ్చినావా?"

"ఆ. నా చేత్తోనే."

హుస్సేనమ్మ కొడుకు మొహంలోకి చాలాసేపు చూసింది. పొద్దుటి నుంచీ బిగుసుకుపోయిన ఆమె మొహం మెల్లగా విచ్చుకుంది. అంత నెమ్మదిగా ఆమె ఊపిరి పీల్చుకోవడం షాహుల్ ఎన్నడూ చూడలేదు. లేచి వంటింట్లోకి వెళ్లింది. డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. వస్తూ వస్తూ చేతిలోనిదాన్ని కొంగుతో తుడిచి, కొడుకు టీ కప్పు పక్కన పెట్టింది.

"పొద్దున నువ్వు స్నానానికి పోయినప్పుడే కెమెరాలోంచి తీసి బియ్యంలో దాచినా. రీలుకు పిండి అంటుకుంది నాయనా, జాగ్రత్తగా కడగమని ల్యాబువాళ్లకు చెప్పు."