హాల్లో పెట్టాల్సిన బొమ్మ

చిత్రకళ చదివే మా మనవరాలు నా బొమ్మ వేసి, వంటింట్లోకి తెచ్చి చూపించింది. నచ్చితేనే హాల్లో తగిలిస్తానని ముందే చెప్పాను.

పక్కకు తిరిగిన ముఖం. ముక్కు, కళ్ళజోడు, ముడి అన్నీ నావే. తల వెనక, ముడి కింద మాత్రం ఇంత కన్నొకటి గుడ్లురిమి చూస్తోంది.

"ఇదేమిటే?"

"నువ్వే, అమ్మమ్మా!"

"ఉన్నది ఉన్నట్టు వెయ్యమన్నాను. ఇది అన్ని వైపులూ ఒక్కసారే చూపించే శైలి. నీ పుస్తకాలు నేనూ చదివాను. ఇది నా హాల్లోకి రాదు."

దాని ముఖం చిన్నబోయింది. బొమ్మను వెలుతురులో మరోసారి చూద్దామని కిటికీ వైపు తిరిగాను.

"చేతిలో ఉన్న ఆ రెండు బిస్కెట్లూ డబ్బాలో వేసి మూత పెట్టు," అన్నాను, వెనక్కి తిరగకుండానే.

బిస్కెట్లు డబ్బాలో పడ్డ చప్పుడైంది. తర్వాత మూత పడింది.

"చూశావా? నేను ఉన్నది ఉన్నట్టే వేశాను!" అని గంతులేసింది.

న్యాయమైన మాట ఎవరన్నా ఒప్పుకోవాలి. అప్పటికప్పుడే మేకు కొట్టి బొమ్మను తగిలించాను. హాల్లో కాదు, బిస్కెట్ల డబ్బాకు ఎదురుగా.

అది లబోదిబోమంది.

"ఫ్రిజ్ దగ్గరికి ఇంకొకటి వెయ్యి," అన్నాను. "శైలి మాత్రం మార్చకు."