నీరసానికో పేరు

కరోనా తగ్గినా నీరసం వదలని హెచ్‌ఐవీ రోగులపై కడపలో పరిశోధన చేస్తోంది డాక్టర్ స్వర్ణలత. ఆ రోజు వేంపల్లె విశ్వాసమ్మ రిపోర్టు చూసి ఆమె మనసు తేలికపడింది.

"ఇది కరోనా వల్ల వచ్చింది కాదమ్మా. హెచ్‌ఐవీ మాత్రలతో మీ ఒంట్లో రక్తం తగ్గిపోయింది. మాత్రలు మారిస్తే కోలుకుంటారు."

విశ్వాసమ్మ ముఖంలో సంతోషం కనిపించలేదు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"బయట నా కూతురుండాది మేడం. ఆయమ్మికి కరోనా నీరసమనే చెప్పినా. చర్చిలో గూడా ఆ పేరుతోనే నాకు ప్రార్థన చేస్తాండారు. మీరూ ఆ మాటే అనండి. అసలు జబ్బు తెలిస్తే నా బిడ్డ నా మొగం చూస్తాదా?"

రోగి రహస్యం బయటపెట్టకూడదు. అలాగని అబద్ధమాడటానికీ స్వర్ణలతకు నోరు రాలేదు. విశ్వాసమ్మను లోపలి గదిలో మరో రక్తపరీక్షకు పంపి, ఆ ఇబ్బందితోనే వరండాలోకి వచ్చింది.

కూతురు లేచి దగ్గరికొచ్చింది. డాక్టరు నోరు తెరవకముందే మెల్లగా అంది.

"అమ్మ హెచ్‌ఐవీ మాత్రలు మింగుతాందని నాకు ఎప్పుడో తెలుసు మేడం. ఆమెతో మాత్రం అనొద్దండి. సిగ్గుపడి ఆస్పత్రికి రావడమే మానుకుంటాది."

వెనక తలుపు తెరుచుకుంది. తల్లిని చూడగానే ఆ పిల్ల గొంతు పెంచింది.

"అయితే ఈ కరోనా నీరసం ఇంగ ఎప్పుడు పోతాది మేడం?"