అరవై దాటితే వణుకు

పోయిన నెల ప్రమీలారాణి మూడు రోజులు చలిజ్వరంతో దుప్పట్లో వణికితే, ఆమె మొగుడు గోపీ నాలుగోరోజు "ఏం, ఒంట్లో బాగలేదా?" అని అడిగాడు. అదే మనిషి ఇప్పుడు కారు స్టీరింగ్ వణుకుతోందని రెండు పూటలుగా అన్నం సరిగా తినడం లేదు.

"నువ్వే యాడో గుంతలో దించింటావు," అన్నాడు, కంచం ముందు కూర్చుని.

"ఆదోని రోడ్డులో గుంత లేని చోటు చూపియ్యండి, ఆడ్నే నడుపుతా."

"మొన్న మెకానిక్కు గాబ్రియేలు నాలుగు చక్రాలకూ బ్యాలెన్సింగ్ చేసినాడు. షెడ్డు నుంచి ఇంటిదాకా వెన్న మాదిరి వచ్చె. తెల్లారి నువ్వు ఎక్కినావు, మళ్లీ వణుకు. ఇంగేమనుకోవాల?"

కారు గోపీ కంటే వయసులో పెద్దది. ఎర్రటి రంగు, రెండే సీట్లు, పైన కప్పు లేదు. ఎమ్మిగనూరు ఎండకు కప్పు లేని కారెందుకని అడిగినవాళ్లతో గోపీ మాటలు మానేశాడు. అరవై దాకా బుద్ధిగా పోతుంది. అరవై దాటిందంటే స్టీరింగ్ చేతుల్లో గిలగిల కొట్టుకుంటుంది. ఎనభై దాటితే మళ్లీ ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది.

"బండి తప్పేమీ లేదప్పా," అన్నాడు వసారాలోంచి మామ బసవన్న. నలభై ఏళ్లు మగ్గం నేసిన మనిషి, ఏ విషయంలోనైనా తీర్పు ఆయనదే. "కోడలి చెయ్యి బరువు. స్టీరింగును రోకలి మాదిరి పట్టుకుంటాది."

"మనింట్లో మిక్సీ గదా మామా. నేను రోకలి పట్టుకొంటే మీరెప్పుడు చూసినారు?"

బసవన్న పేపరు తిప్పాడు.

ఆదివారం ఆలూరులోని పుట్టింటికి మొదటిసారి తానే కారు నడుపుకుంటూ పోవాలని ప్రమీలారాణి ఆశ. ఆ మాట అమ్మకు ఫోన్లో చెప్పింది. అమ్మ వీధంతా చెప్పింది.

మర్నాడు గోపీ కారును మళ్లీ గాబ్రియేలు షెడ్డుకు తోలాడు. గాబ్రియేలు కారు కింద దూరి, స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్ల చివరలు మార్చాడు. అలైన్‌మెంట్ చూశాడు. పాత లెక్క నమ్మకుండా, చక్రాలకున్న సీసం ముక్కలన్నీ గబగబా పీకేసి బ్యాలెన్సింగ్ మొదటినుంచీ చేశాడు. సాయంత్రం డెబ్బైలో పోయినా స్టీరింగ్ కదల్లేదు. గోపీ ఆ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

పొద్దున మామ కడిగిపెట్టిన కారులో ప్రమీలారాణి పెట్రోలు బంకు దాకా పోయి వచ్చింది. ఆమె దిగుతూనే ముఖం చూసి గోపీ చెయ్యి చాచాడు.

"తాళంచెవి."

"నేనేం చేసినాను?"

"నాకు తెలీదు. నువ్వు ముట్టుకుంటే వణుకుతాండాది. ఆదివారం బస్సులో పో."

తాళంచెవి బీరువాలోకి పోయింది.

గాబ్రియేలును ఫోన్లో అడిగితే అతనికీ పాలుపోలేదు. "ఇరవై ఏండ్లాయన్నా ఈ పనిలో. షెడ్డులో బాగుండి ఇంటికి పోతే జబ్బుపడే కారును ఇదే మొదలు చూస్తాండా."

ప్రమీలారాణి ఆ రాత్రంతా ఆలోచించి పొద్దున కాఫీతోపాటు ఒక షరతు తెచ్చింది. "ఈపొద్దు ఇంకోసారి చేయించండి. రేపు పొద్దున మొదట మీరే నడపండి. అంతవరకు నేను కారు తలుపు గూడా ముట్టుకోను. అప్పుడు గూడా వణికితే ఆదివారం తాళంచెవి నాకియ్యాల."

"వణకదు."

"అయితే మీకు నష్టమేముంది?"

శుక్రవారం సాయంత్రం కారు నున్నగా ఇంటికొచ్చింది. శనివారం పొద్దున గోపీ ఒక్కడే ఆదోని రోడ్డెక్కాడు. పావుగంటలో తిరిగొచ్చాడు. దిగలేదు. స్టీరింగ్ పట్టుకుని అట్లే కూర్చున్నాడు.

"వణికిందా?" అంది ప్రమీలారాణి.

"రాత్రి కల్లో ఏమైనా నడిపినావా నువ్వు?"

"కల్లో అయితే ఆలూరు దాకా పోయింటా. మీకు తెలిసేది గాదు."

గాబ్రియేలు బైకు మీద వచ్చాడు. బానెట్ తెరిచాడు, మూశాడు. చక్రాలు ఊపి చూశాడు. ఏదీ వదులు లేదు. చివరికి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని రిమ్ము అంచు వెంట వేలు పోనిస్తూ ఒకచోట ఆగాడు. మళ్లీ మొదటినుంచి పోనిచ్చాడు.

"అన్నా, చక్రం ఒకపక్క బరువు తక్కువుంటే ఆ పక్కన సీసం ముక్క కొడతాం. బ్యాలెన్సింగంటే అంతే. నిన్న దీనికి ఒకటే కొట్టినా."

"అయితే?"

"ఇప్పుడు రెండుండాయి. నేను కొట్టిందానికి సరిగ్గా ఎదురుపక్క ఇంకోటి, అంతే బరువుది. ఇది కొడితే నేను చేసిన పనంతా చేయనట్లే." లేచి అవతలి చక్రం కూడా చూశాడు. "దీనికీ అంతే."

గోపీ తలతిప్పి పెళ్లాం వైపు చూశాడు.

"నన్ను చూడొద్దండి. మనింట్లో సుత్తి యాడుంటాదో గూడా నాకు తెలీదు."

వసారాలో పేపరు మెల్లగా కిందికి దిగింది.

"ఒకపక్కనే బరువు పెడితే మగ్గంలో గుడ్డయినా వంకర పోతాది గదా, ఈ గాబ్రియేలుకు ఆ మాత్రం తెలీదేమోనని రోజూ పొద్దున కారు కడిగేటప్పుడు రెండో పక్క గూడా పాత మగ్గం సీసం ముక్క కొట్టి నేనే సమానం చేస్తి," అన్నాడు బసవన్న. కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "ఆ తాళంచెవి కోడలికిచ్చేయప్పా గోపీ. తప్పు నాది."