కొలువులో నాలుగు బొమ్మలు

2024 అక్టోబరు 3, గురువారం. స్కోఫీల్డ్స్‌లో ఉదయం చినుకులు, తరువాత ఎండ. దసరా బొమ్మల కొలువుకు మెట్లు బిగించాను.

పదకొండింటికి డిటెక్టివ్ వచ్చాడు. మా పెరట్లోని చిన్న విడి ఇల్లు, గ్రానీ ఫ్లాట్‌లో నాలుగేళ్లుగా అద్దెకుంటున్న జపాన్ ఆయన హిరోటాను సోమవారం అరెస్టు చేశారు. నలుగురు ఆడవాళ్లను చంపానని ఒప్పుకున్నాడట.

హిరోటా తన చేత్తో చేసి మా ఆవిడ కౌసల్యకు ఇచ్చిన బొమ్మలు నాలుగు. డిటెక్టివ్ గ్లవ్స్ వేసుకుని వాటిని ఒక్కొక్కటిగా సంచుల్లో పెట్టాడు. వాటికి తొడిగిన గుడ్డ చనిపోయినవాళ్ల బట్టల్లోంచి కత్తిరించినదట. కొత్త బొమ్మకు తెల్లచుక్కల నీలం గుడ్డ. ఆ రంగు కౌసల్యకు చాలా నచ్చింది.

"ఒక్కటే తెలియడం లేదు. మీ ఇంటికి రాకముందు అతను ఎవరినీ చంపలేదు. వచ్చాక ఏటా ఒకరిని చంపాడు, అదీ సెప్టెంబరులోనే. ఎందుకు?" అన్నాడు డిటెక్టివ్ ఇంగ్లీషులో.

కౌసల్య నా చెయ్యి పట్టుకుని తెలుగులో అంది. "ఏవండీ, కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మ పెట్టాలి కదా. దసరాకి నెల ముందునుంచే ఆయన్ని ఆటపట్టించేదాన్ని. 'కొత్త బొమ్మ ఇవ్వకపోతే పులిహోర పెట్టను హిరోటా గారూ' అని. ఈ ఇయర్ కూడా అడిగానండీ."

"ఏమంటున్నారు?" అన్నాడు డిటెక్టివ్.

"బొమ్మలు మళ్లీ ఎప్పుడిస్తారని అడుగుతోంది" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. కౌసల్య నా చెయ్యి వదిలేసింది. ఆయన వెళ్లాక నేను కొలువు మెట్లు విప్పేశాను.